“ఎప్పుడొస్తంది బాబూ?” – విశాఖ అంబాసిడర్ చప్పుళ్లు

గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు ముందు ఏదో చప్పుడని అంబాసిడర్ ఆగితే, బానెట్ తెరవక ముందే మేస్త్రీ అడిగే ప్రశ్న ఒకటుండేది. “ఎప్పుడొస్తంది బాబూ?” బండి తెచ్చినాయన చెయ్యి చాచి “ఇదిగో ఈ పక్క నుంచి, కింద నుంచి” అని మొదలుపెడితే తల అడ్డంగా ఊపేవాడు. “ఎక్కడ్నుంచొస్తందో నాకొదిలీండి. ఎప్పుడొస్తందో సెప్పండి. సల్లగున్నప్పుడా, ఏడెక్కినాకా? నిలబెట్టినప్పుడా, నడుస్తున్నప్పుడా? క్లచ్చి తొక్కితే ఆగుతందా?” ఈ ప్రశ్నలు అయ్యేసరికి ఒక్క నట్టు విప్పకుండానే సగం బండి ఊడదీసినట్టయ్యేది.

ఎక్కడ అన్నది అడగకపోవడానికి కారణం ఉంది. చప్పుడు ఇనుములో పాకుతుంది. వెనక కమాన్ కట్ట (ఉక్కు ఆకులు పేర్చిన స్ప్రింగు) కొసని పట్టుకునే షాకిల్ దగ్గర పుట్టిన కిర్రు ముందు సీటు కింద వినిపిస్తుంది. సైలెన్సర్ గొట్టం ఫ్లోరుకి తగులుతుంటే గేర్‌బాక్స్ పోయిందని డ్రైవరు ప్రమాణం చేసి చెబుతాడు. వేళ మాత్రం అబద్ధమాడదు. ఇంజిన్ వేగంతో పెరిగేది ఇంజిన్‌ది, చక్రం వేగంతో పెరిగేది గేర్‌బాక్స్ తర్వాతది, గుంతలో మాత్రమే పలికేది సస్పెన్షన్‌దో బాడీదో.

అంబాసిడర్ అసలు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. 1957 నుంచి 2014 మే దాకా హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో చేశారు. ఎక్కువ మందికి గుర్తున్నది 1489 సీసీ ఇంజిన్. పెట్రోలుదైనా డీజిల్‌దైనా అంకె అదే. విశాఖ రైల్వే స్టేషన్ బయట టాక్సీల వరసలో కళ్లు మూసుకుని నిలబడినా ఏది డీజిలో, ఏది పెట్రోలో, ఏదానికి సైలెన్సర్ చిల్లుపడిందో తెలిసిపోయేది. స్టీరింగ్ పక్కన గేరు రాడ్డున్న ఫియట్‌ది సన్న గొంతు, అంబాసిడర్‌ది బొంగురు గొంతు. ఫస్ట్ గేర్‌లో, రివర్స్‌లో గుయ్‌మనడం పాత గేర్‌బాక్స్‌ల పుట్టుకే. ఆ రెండు గేర్లకీ పళ్లు తిన్నగా కోసి ఉంటాయి. దాన్ని జబ్బనుకుని గేర్‌బాక్స్ దించిన వాళ్లూ ఉన్నారు, పాపం.

ఈ పనికి కావలసిన మాటలు తెలుగులో ఉన్నన్ని మాన్యువల్‌లో ఉండవు. లొడలొడ అంటే అరిగిన బుష్షు. గలగల అంటే సన్నటి ఇనుప వస్తువు, టైమింగ్ చైనో, ఊడిన హీట్ షీల్డో. గరగర అంటే బేరింగ్ గుండ్లు. కీచు అంటే బెల్టు. కిర్రు అంటే కమాన్ కట్టలు. బుస అంటే గ్యాస్ లీకు. ఠంగుమంటే యూజే క్రాస్‌నో (వెనక చక్రాలకి శక్తి మోసే షాఫ్ట్ కీలు) యూ క్లాంపునో (కమాన్ కట్టని ఇరుసుకి పట్టి ఉంచేది) అనుమానించాలి. హోరు అయితే హౌసింగ్ (వెనక ఇరుసు మధ్య గేర్ల డబ్బా), చక్రం బేరింగ్, లేదా అరిగిన టైరు. బండాయన నోటి నుంచి సరైన మాట రప్పిస్తే చాలు. ఒక్క “టిక్ టిక్” మాత్రం పెద్ద మోసకారి. ఒకే టిక్ టిక్‌కి అయిదు పుట్టిళ్లు ఉంటాయి.

మొదటిది టాపెట్, అంటే వాల్వులు తెరుచుకునేలా తోసే భాగం. రెండోది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు) గాస్కెట్ లీకు. మూడోది ప్లగ్ వైర్ల నుంచో, ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత నుంచో కరెంటు లీకవడం. నాలుగోది స్పీడోమీటర్ కేబుల్. అయిదోది వీల్ కప్పులో పడ్డ రాయి. చివరి రెండూ బండి నడిస్తేనే వస్తాయి కాబట్టి నిలబెట్టి రేజ్ చేసి చూస్తే అక్కడికక్కడే తప్పుకుంటాయి. కేబుల్‌దైతే చప్పుడుతో పాటు మీటరు ముల్లు కూడా ఊగుతుంది. కేబుల్ బయటికి లాగి తుడిచి, పల్చగా గ్రీజు రాసి, మీటరు వైపున్న చివరి రెండు అంగుళాలు పొడిగా వదిలేసి పెడితే సరిపోతుంది. మొత్తం రాస్తే గ్రీజు మీటర్లోకి ఎక్కి ముల్లు అక్కడే అతుక్కుంటుంది.

కరెంటు లీకు మాత్రం విశాఖకి సొంత జబ్బు. లాసన్స్ బే, పెద వాల్తేరు, బీచ్ రోడ్డు ఇళ్ల ముందు రాత్రంతా బయట నిలబడిన బండి మీద పొద్దుటికి ఉప్పు జిగురు పట్టి ఉంటుంది. అదే జిగురు బానెట్ సందుల్లోంచి దూరి డిస్ట్రిబ్యూటర్ మూత మీదా, కాయిల్ మూతి మీదా పరుచుకుంటుంది. ఉప్పూ తేమా కలిస్తే కరెంటుకి దారి దొరికినట్టే. కనిపెట్టడానికి పరికరం అక్కర్లేదు. చీకటి పడ్డాక వీధి దీపానికి దూరంగా నిలబెట్టి, ఇంజిన్ స్లోలో ఉంచి, బానెట్ ఎత్తి చూడాలి. లీకుంటే వైర్ల వెంట, మూత మీద సన్నటి నీలం గీతలు పాకుతూ కనబడతాయి. కనబడకపోతే స్ప్రే సీసాతో దూరం నుంచి కాస్త నీటి తుంపర కొట్టాలి. గీత కనబడ్డ చోట చెయ్యి పెట్టకూడదు. మూత ఊడదీసి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక లోపల వెంట్రుకంత నల్లగీత ఉందేమో వెలుతురుకి పట్టి చూడాలి. గీత ఉంటే ఆ మూత పనైపోయినట్టే. గీకితే పోదు, మర్నాడు మళ్లీ వస్తుంది.

మానిఫోల్డ్ లీకుకీ టాపెట్‌కీ తేడా పట్టుకోవడం ఇంకా తేలిక. లీకు చల్లటి ఇంజిన్‌లో గట్టిగా ఉంటుంది, వేడెక్కి ఇనుము వ్యాకోచించాక తగ్గుతుంది. టాపెట్ అలా తగ్గిపోదు. తడిపి మడిచిన మందపాటి గుడ్డని సైలెన్సర్ మూతికి రెండు మూడు సెకన్లు అడ్డం పెడితే లీకున్న చోట బుస పెరుగుతుంది. ఒక మీటరు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస గాస్కెట్ అంచు వెంట కదిపితే ఎన్నో సిలిండర్ దగ్గరో కూడా తెలుస్తుంది. అక్కడ మసి చార కూడా ఉంటుంది. నట్లు బిగించేముందు మానిఫోల్డ్ అంచు మీద స్కేలు పెట్టి చూడాలి. వంగి ఉంటే ఎన్ని గాస్కెట్లు మార్చినా దండగే, లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించి చదును చేయించాలి.

ఇక టాపెట్. దీని గురించి చెప్పకుండా అంబాసిడర్ గురించి మాట్లాడినట్టు కాదు.

ఇంజిన్ తిరిగే వేగంలో సగం వేగంతో, పైనుంచి, కుట్టు మిషన్ తొక్కుతున్నట్టు వచ్చేది టాపెట్ చప్పుడు. వాల్వుల్ని నడిపే కామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది కదా, అందుకు. వాల్వుల్ని కిందికి నొక్కే చిన్న చేతులు రాకర్లు. వాటిని కప్పే రాకర్ కవర్ మీద రెండు నట్లు, వాటి కింద రబ్బరు బుష్షులు. తీసే ముందు కవర్ చుట్టూ దుమ్ము తుడవాలి. ఏ వాల్వు కూస్తోందో కనిపెట్టడానికి పాత పద్ధతే ఇప్పటికీ మంచిది. ఇంజిన్ స్లోలో ఉండగా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఉక్కు ఆకులు) ఆకుని ఒక్కో రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య దూర్చడం. ఏ వాల్వు దగ్గర దూర్చితే చప్పుడు చస్తుందో దొంగ అదే. ఎనిమిదింటిలో ఎక్కడా మారకపోతే గొడవ పైన లేదు, కింద కామ్ మీద నడిచే టాపెట్ మొహం అరిగింది. దానికి ఇంజిన్ పక్కనున్న పలకలు తీసి చూడాలి. ఈ పరీక్షలప్పుడు మెళ్లో తువ్వాలు, వేలాడే చొక్కా చేతులు ఉండకూడదు. ముందు తిరిగే ఫ్యాన్‌కి జాలి లేదు.

సందు పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను, 0.38 మిల్లీమీటర్లు. మీ బండి పుస్తకం వేడి మీద కొలవమంటే వేడి మీదే, చల్లగా అంటే చల్లగానే కొలవాలి. రెండూ కలిపితే తప్పు లెక్కే వస్తుంది. ప్లగ్గులు నాలుగూ తీసేస్తే ఇంజిన్ హాండిల్‌తో తేలిగ్గా తిరుగుతుంది.

ఏ వాల్వుని ఎప్పుడు సెట్ చేయాలన్నదానికి తొమ్మిది లెక్క ఉంది. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసుకోవాలి. ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి దిగి తెరుచుకున్నప్పుడు ఒకటి సెట్ చేయాలి. ఆరు తెరుచుకుంటే మూడు. నాలుగు తెరుచుకుంటే అయిదు. ఏడు తెరుచుకుంటే రెండు. తర్వాత ఒకటి తెరుచుకుంటే ఎనిమిది, మూడు తెరుచుకుంటే ఆరు, అయిదు తెరుచుకుంటే నాలుగు, రెండు తెరుచుకుంటే ఏడు. ఏ జత చూసినా కూడితే తొమ్మిదే. ఈ వరసలో పోతే హాండిల్ రెండు చుట్లలో పని అయిపోతుంది. షెడ్డులో పనికి చేరిన కుర్రాళ్లకి ఎక్కాల కన్నా ముందు ఇది కంఠస్థం వచ్చేది.

లాక్ నట్టు రింగు స్పానర్‌తో వదులు చేసి, మధ్యలో స్క్రూని స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ, గేజ్ ఆకు కదిపి చూడాలి. ఎంత బిగువుండాలి? మూసిన లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి రూపాయి కాగితం లాగితే చేతికి ఎంత తెలుస్తుందో అంత. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కొద్దిగా తిరుగుతుంది, సందు ఒక థౌ అటో ఇటో పోతుంది. అందుకే నట్టు బిగించాక మళ్లీ కొలవాలి. చాలా చోట్ల పని చెడేది ఇక్కడే.

ఇంకో మోసం ఉంది. రాకర్ కొస ఏళ్ల తరబడి వాల్వు కాడని కొట్టీ కొట్టీ అక్కడ గోరంత గుంట పడుతుంది. వెడల్పాటి గేజ్ ఆకు ఆ గుంటలోకి దిగదు, అంచుల మీద వంతెనలా నిలబడుతుంది. గేజ్ పదిహేను చూపిస్తుంది, లోపల అసలు సందు ఇరవై దాటి ఉంటుంది. “ఇప్పుడే సెట్ చేయించాను, అయినా టకటకమంటోంది” అనే ఫిర్యాదుల్లో చాలావాటి సంగతి ఇదే. రాకర్ విప్పి గోటితో తడిమితే గుంట తగులుతుంది. రాకర్ మొహం గ్రైండింగ్ చేయించాలి, లేదా మార్చాలి. అప్పుడే రాకర్ షాఫ్ట్ కూడా బయటికి తీసి అడుగు వైపు చూడండి. మెట్టు పడి ఉంటే షాఫ్ట్, బుష్షులు కూడా కొత్తవి వేయాల్సిందే. నూనె రంధ్రాలు మడ్డితో మూసుకుపోతే ఆ మెట్టు త్వరగా పడుతుంది. కవర్ తిరిగి పెట్టేటప్పుడు కార్క్ గాస్కెట్ కొత్తది వేసి, రెండు నట్లూ మితంగా బిగించాలి. బలం చూపిస్తే కవర్ వంగి, నూనె కారుతుంది.

టాపెట్ చప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది కాదు. భయపడాల్సింది అడుగు నుంచి వచ్చే దెబ్బకి. బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోటిది) పోతే ఖణ్‌ఖణ్‌మని గట్టిగా కొడుతుంది. ముఖ్యంగా రేజ్ చేసి యాక్సిలరేటర్ వదిలిన ఆ క్షణంలో. పరీక్ష: ఇంజిన్ తిరుగుతుండగా చెక్కపిడి స్క్రూడ్రైవర్‌తో ఒక్కో ప్లగ్గునీ ఇంజిన్‌కి షార్ట్ చేయడం. ఏ సిలిండర్ చంపితే దెబ్బ తగ్గుతుందో బేరింగ్ అక్కడిది. క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగ్‌దైతే దబ్‌దబ్‌మని ఇంకా బరువుగా, లోడు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వినిపిస్తుంది. ఒక్క ప్లగ్గు తీస్తే పెద్దగా మారదు. ఈ ఇంజిన్‌కి మెయిన్లు మూడే. పాత డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఉంటే వేడెక్కాక స్లోలో అది చతికిలబడుతుంది. పొద్దున్న చల్లటి ఇంజిన్‌లో టపటపమని, పది నిమిషాల్లో మాయమయ్యేది పిస్టన్ స్లాప్. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గోడ, అరిగిందని అర్థం. దానితో ఇంకా చాలా దూరం తిరగొచ్చు. బిగ్ ఎండ్‌తో మాత్రం ఒక్క కిలోమీటరు కూడా వద్దు, తోసుకునైనా తీసుకెళ్లాలి. షెల్ బేరింగుల ఖర్చుతో పోయేది క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగ్ దాకా, రాడ్డు బ్లాకు చీల్చుకుని బయటికి రావడం దాకా పోతుంది.

డీజిల్ బండిలో ప్లగ్గులు ఉండవు కాబట్టి సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కోటి కాస్త వదులు చేసి వినేవాళ్లు. గుడ్డ కప్పి, మొహం పక్కకి పెట్టి చేయాలి. ఆ ప్రెషర్‌లో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. చాలాసార్లు ఇంజెక్టర్ మూతి చెడి చేసే టకటకనే బేరింగ్ దెబ్బ అనుకుని ఇంజిన్ దించేశారు.

సింహాచలం ఘాట్ రోడ్డు ఇంకో రకం పరీక్షాకేంద్రం. థర్డ్ గేర్‌లో ఎత్తు ఎక్కుతుండగా డబ్బాలో గోలీలు ఊపినట్టు గలగలమంటే అది ఇనుము చప్పుడే కాదు. పెట్రోలు వేళకు ముందే పేలుతోంది. యాక్సిలరేటర్ కొద్దిగా వదిలితే ఆగిపోతుంది. టైమింగ్ ముందుకి ఉండడం, హెడ్డులో మసి పేరుకోవడం, పెట్రోల్లో కిరసనాయిలు కలవడం ముఖ్య కారణాలు. డిస్ట్రిబ్యూటర్ క్లాంపు వదులు చేసి, లోపల రోటార్ ఏ వైపు తిరుగుతుందో బాడీని ఆ వైపే రవ్వంత తిప్పితే టైమింగ్ వెనక్కి వస్తుంది. రవ్వంతే. ఎక్కువ తిప్పితే గోలీలు ఆగుతాయి గానీ బండి ఎత్తు ఎక్కదు, రేడియేటర్ మరుగుతుంది. అనంతగిరి ఘాట్‌లో బానెట్ ఎత్తి పొగలు కక్కుతూ పక్కన నిలబడ్డ బండ్లలో ఇలా తిప్పించుకున్నవి కూడా ఉండేవి.

ముందు వైపు కీచుకి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఫ్యాన్ బెల్టు ఊడదీసి ఇంజిన్ ఒక నిమిషంలోపు నడపాలి. చప్పుడు పోతే బెల్టు, డైనమో, వాటర్ పంపు ఈ మూడింటిలో ఒకటి. పంపు అయితే ఫ్యాన్ రెక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే ఆట, అంటే వదులు, తెలుస్తుంది. డైనమో వెనక బుష్షుకి నూనె రంధ్రం ఉంది, రెండు మూడు చుక్కలు చాలు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి.

క్లచ్చి తొక్కినప్పుడే వచ్చే చప్పుడైతే కార్బన్ అరిగింది. అంబాసిడర్‌కి క్లచ్చిని నొక్కే చోట గుండ్ల బేరింగ్ ఉండదు, కార్బన్ రింగు ఉంటుంది. కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఆనించి నడిపే వాళ్ల బండ్లలో అది తొందరగా పోతుంది. జగదాంబ జంక్షన్‌లో సిగ్నల్ పడితే గేరులో పెట్టి, క్లచ్చి తొక్కిపట్టి నిలబడే టాక్సీల్లో ఇది మామూలే. అదే తిరగేసి, న్యూట్రల్‌లో గరగరమని క్లచ్చి తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ ముందు బేరింగ్. ఈ ఒక్క పెడల్ పరీక్ష నాలుగు గంటల పని ఆదా చేస్తుంది.

ఇక నడుస్తున్నప్పుడు వచ్చేవి. దీనికి పొద్దున్నే రుషికొండ దాటాక భీమిలి వైపు సమంగా ఉన్న ముక్క మంచిది. గంటకి యాభై దగ్గర టాప్ గేర్‌లో విని, అదే యాభైలో థర్డ్‌కి మార్చి మళ్లీ వినాలి. గేరు మారినా చప్పుడు మారకపోతే గేర్‌బాక్స్ వెనకది. యాక్సిలరేటర్ వదిలితే గొంతు మారే హోరు హౌసింగ్‌ది, అందులోని పళ్లచక్రాల జత క్రౌనూ పినియనూ. వదిలినా నొక్కినా మారకుండా, స్టీరింగ్ కాస్త అటూ ఇటూ తిప్పితే మారేది చక్రం బేరింగ్. కుడివైపు తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. హోరు అప్పుడు పెరిగితే ఎడమ బేరింగే. పొడవాటి కాంపౌండ్ గోడ ఉన్న షిప్‌యార్డ్ వైపు రోడ్డు ఇంకో పనికి వాడేవాళ్లు. అద్దం దించి గోడ పక్కనే మెల్లగా పోతే ఆ వైపు చక్రం చప్పుడు గోడకి కొట్టుకుని తిరిగి చెవిలో పడుతుంది.

హౌసింగ్ హోరుకి మొదట చేయాల్సింది బిరడా తీసి ఆయిల్ చూడడం. ఈపీ 90, బిరడా అంచు దాకా. ఆయిల్ సరిగ్గా ఉండి కూడా హోరు పెడుతుంటే అలాగే వదిలేయడమే మేలు. క్రౌన్, పినియన్ జతగా అరిగినవి, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్చి వాటిని మళ్లీ కలపాలంటే చెయ్యి తిరిగిన వాడు కావాలి. కొత్త హోరుకి పాత హోరు నయం అనిపించిన సందర్భాలే ఎక్కువ.

చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట కనబడిందనుకోండి. ఇంకొకరిని బ్రేక్ తొక్కమనాలి. ఆట పోతే బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్ (స్టీరింగ్‌తో ముందు చక్రం తిరిగే కీలు) వైపు. ఎంతమంది ఈ చిన్న తొక్కుడు మరిచిపోయి బేరింగులు మార్చుకున్నారో.

యూజే క్రాస్ పోయే ముందు మర్యాదగా కబురు పెడుతుంది. మెల్లగా పోయేటప్పుడు పిచ్చుక కిచకిచలాడినట్టు అంటుంది. సూది రోలర్ల దగ్గర గ్రీజు ఎండిపోయింది. అప్పుడు వినకపోతే తర్వాత క్లచ్చి వదిలే ప్రతిసారీ, ముందుకీ రివర్స్‌కీ మార్చినప్పుడల్లా ఠంగుమంటుంది. బండిని షెడ్డులో కిందికి దిగి చూసే గుంత మీద పెట్టి, చక్రాలకి అడ్డు వేసి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌నీ ఫ్లాంజ్‌నీ (షాఫ్ట్ బోల్టులతో బిగిసే పళ్లెం) రెండు చేతులతో ఎదురెదురుగా మెలిపెట్టి చూడాలి. ఏ కాస్త ఆట ఉన్నా మార్చాల్సిందే. కప్పుల చుట్టూ ఎర్రటి పొడి ఉంటే చెయ్యి కూడా పెట్టక్కర్లేదు. విప్పే ముందు ఫ్లాంజ్‌ల మీద సుద్దతో కాదు, ఉలితో చిన్న గాటు పెట్టుకోవాలి. సుద్ద నూనెకి చెరిగిపోతుంది. జత తప్పి బిగిస్తే కొత్త క్రాస్ వేసినా బండంతా వణుకుతుంది.

సముద్రం పక్క ఊరు కాబట్టి కమాన్ కట్టల గొడవ విశాఖలో ఎక్కువ. ఆకుల మధ్య ఉప్పునీటి తుప్పు చేరితే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా పాత తలుపులా కిర్రుమంటాయి. ముందు అది ఆకులదా, షాకిల్ రబ్బరుదా తేల్చాలి. బుష్షు మీద సబ్బునీళ్లు పోసి బండిని పైకీ కిందకీ ఊపితే, ఆగినది రబ్బరు. ఆగకపోతే ఆకులు. బాడీని జాకీతో ఎత్తితే చక్రం బరువుకి ఆకులు విచ్చుకుంటాయి. వైర్ బ్రష్‌తో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు సందుల్లోకి ఎక్కించాలి. ఇంజిన్ ఆయిల్ చిమ్మి పంపించేవాళ్లూ ఉన్నారు. రెండ్రోజులు హాయిగా ఉంటుంది. ఆ నూనె రబ్బరు బుష్షుల్లోకి దిగి అవి ఉబ్బి చీలిపోయాక లొడలొడ మొదలవుతుంది. యూ క్లాంపుల నట్లు కూడా అప్పుడే చూడాలి. అవి వదులై మధ్య బోల్టు తెగితే యాక్సిల్ పక్కకి జరుగుతుంది, చప్పుడు సంగతి తర్వాత.

2014లో రెండు జరిగాయి. మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగింది. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. చెట్ల కింద నలిగినవి కొన్ని, నీళ్లలో నానినవి కొన్ని. నీళ్లలో నానిన బండ్లలో నెలల తర్వాత గరగరలు బయటపడ్డాయి. చక్రం బేరింగ్ గ్రీజులోకి, హౌసింగ్ ఆయిల్‌లోకి నీళ్లు పోతే వెంటనే ఏమీ తెలియదు. బిరడా తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వస్తుంది. నీట మునిగిన బండి ఏదైనా ముందు అన్ని ఆయిళ్లూ దింపి చూడడం అప్పటి నుంచి అలవాటైంది.

ఇంత పెద్ద జాబితా రాశాక చెప్పాలి కదా, చప్పుళ్లలో చాలావాటికి కారణం డిక్కీలో ఉంటుంది. జాకీ, హాండిల్, స్టెప్నీ బిగింపు, ఎప్పుడో మరిచిపోయిన స్పానర్. డిక్కీ ఖాళీ చేయకుండా బండిని గుంత మీదికి ఎక్కించొద్దు. తర్వాత నంబర్ ప్లేటు, బానెట్ రబ్బరు గుబ్బలు, తలుపు లాకు. వీల్ కప్పులో గులకరాయి మెల్లగా పోతే టిక్ టిక్‌మని, వేగం పెరిగితే అంచుకి అతుక్కుని మాట్లాడకుండా ఊరుకుంటుంది. నిలబెట్టి వెతికితే దొరకదు.

ఆఖరున చప్పుడు కానిదొకటి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత ఇనుప హెడ్డుల్లో వాల్వు కూర్చునే సీటు మెత్తటిది. సీసం ఆ వేడిలో మెత్తలా పనిచేసేది. అది పోయాక, లోడు మీద ఎక్కువ తిరిగే బండ్లలో ఎగ్జాస్ట్ వాల్వులు సీటుని కొద్ది కొద్దిగా తినేస్తూ లోపలికి దిగడం మొదలైంది. వాల్వు లోపలికి దిగితే కాడ పైకి లేస్తుంది, రాకర్ దగ్గర సందు తగ్గుతుంది. అంటే టాపెట్ చప్పుడు కూడా తగ్గుతుంది. బండాయన “ఈ మధ్య ఇంజిన్ భలే మెత్తబడింది” అని మురిసిపోతుంటాడు. లోపల వాల్వు పూర్తిగా మూసుకోక, సందులోంచి మంట చిమ్మి అంచు కాలిపోతుంటుంది. కొన్నాళ్లకి ఘాట్‌లో ఒక సిలిండర్ పనిచేయడం మానేస్తుంది.

అందుకే తెలిసినవాళ్లు ప్రతి సర్వీసుకీ సందు సెట్ చేయక ముందే ఎనిమిది వాల్వుల కొలతలూ పెన్సిల్‌తో రాసుకునేవాళ్లు. రేడియేటర్ వైపు నుంచి ఒకటి, నాలుగు, అయిదు, ఎనిమిది ఎగ్జాస్ట్‌లు. మిగిలిన నాలుగూ ఇన్‌లెట్లు. ఇన్‌లెట్లు పదిహేను దగ్గరే ఉండి ఎగ్జాస్ట్‌లు పన్నెండుకి, తర్వాతి సర్వీసుకి మళ్లీ పన్నెండుకి దిగుతుంటే హెడ్డు దించి గట్టి సీటు రింగులు వేయించే వేళ దగ్గరపడింది. అరగకుండా బాగా తిరిగే అంబాసిడర్ పైనుంచి సన్నగా, సమంగా, కుట్టు మిషన్‌లా టిక్ టిక్‌మంటూనే ఉంటుంది. ఏ చప్పుడూ లేకుండా పిల్లిలా షెడ్డులోకి వచ్చిన బండికి మేస్త్రీ ప్రశ్నలేవీ వేసేవాడు కాదు. నేరుగా రాకర్ కవర్ నట్ల దగ్గరికే పోయేవాడు.